మొరం వదిలాక

ఆగస్టు 14, 2011. ఆదివారం. జనగామ

మొరం వదిలేశాను.

రాస్తే రెండు మాటలే. ఇంజనీరింగ్ రెండో ఏడు వరంగల్ హాస్టల్ గదిలో నేను, శ్రావణ్ కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ అది. పేరు వాడే పెట్టాడు. "రాక్ అంటే రాయే గదరా బల్లూ. మన దిక్కు రాయికంటె మొరమే ఎక్కువ" అన్నాడు. ఆ తర్వాత రెండు ఆల్బమ్‌లు, టీవీ ప్రోగ్రాములు. హైదరాబాద్‌లో ఏ కాలేజీ ఫెస్ట్ అయినా చివరి రోజు మొరం ఉండాల్సిందే. వాడు ముందు నిలబడి పాడేవాడు, నేను పక్కన గిటార్. జనం వాడి పేరే అరిచేవారు. దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు.

ఈ రోజు వాళ్ల నాన్న వెంకట్రాం గారి మూతపడ్డ రైస్‌మిల్లులో ప్రాక్టీసు. మధ్యలో గిటార్ శ్రుతి గురించి ఏదో గొడవ వచ్చింది. అది అసలు విషయం కాదు. తెలంగాణ అంతా మండుతుంటే మేం ఒక్క స్టేజి మీద కూడా జై తెలంగాణ అనలేదు. అసలు విషయం అదీ. అదే అడిగాను.

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న అడిగినవార గీ మాట?" అన్నాడు శ్రావణ్.

"ఇప్పుడు అడుగుతున్న."

"ఇప్పుడెందుకు అడుగుతున్నవో నాకెర్కే."

డ్రమ్స్ వెనక మోతీ తల వంచుకుని కూర్చున్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, ఈ ఊరి పక్క తండావాడే, నా కులపోడే. నేను గిటార్ సంచిలో పెట్టుకుంటుంటే లేచి గేటు దాకా వచ్చాడు. ఏదో అన్నాడు. నాకు సరిగా వినబడలేదు. "సరే సరే" అని వచ్చేశాను.

తెలంగాణ కోసం వదిలాను.

ఆగస్టు 15

చెవిలో ఈల. జలుబు చేసినట్టుంది.

ఆగస్టు 19

పేపర్లో వచ్చింది. జిల్లా పేజీ, పైన కుడివైపు, నా ఫోటోతో. 'తెలంగాణ కోసం బ్యాండ్‌ను వదిలిన లంబాడ బిడ్డ'. జనగామ విలేకరి ఫోన్ చేసి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జై తెలంగాణ అనడానికి శ్రావణ్ ఒప్పుకోలేదని రాశాడు. నేను సరిగ్గా ఆ మాటే అన్నానో లేదో గుర్తులేదు. అర్థం అదే.

పొద్దుటి నుంచి ఫోన్లు. మధ్యాహ్నం భూపాలపల్లి నుంచి ఒకాయన చేశాడు.

"తమ్మీ, నేను కాటమయ్యను. మీ బాపుతోని ఒకే షిఫ్టుల బొగ్గు బాయిల దిగేటోణ్ని. పాటలు గూడ పాడ్త. వచ్చే నెల సమ్మె ఉన్నది. బాయి బందువెట్టి గేటు ముందట ధూంధాం పెడ్తున్నం. నువ్వు రావాలె. నువ్వొక్కనివే ఒక అరగంట. వస్తవా?"

"నేను పాట పాడనన్నా. వట్టి గిటారే."

"వట్టి గిటారే వాయించు. దేవ్యన్న కొడుకువు. గంతే చాలు."

నా ఒక్కడి పేరు మీద మొదటిసారి. బానోతు బలరాం. పోస్టర్ మీద ఎలా ఉంటుందో కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూసుకున్నాను. బాగుంది.

ఆగస్టు 27. మహబూబాబాద్

జనగామలో గది ఖాళీ చేసి రైల్లో కళావతి అక్క ఇంటికి వచ్చాను. అక్క ఇక్కడ సర్కారు బడిలో టీచరు. పైగది ఇచ్చింది. రోజంతా వాయించుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు.

నాలుగు పాటలు అనుకున్నాను. మాటలుండవు. మొదటిదాని పేరు 'మూడో షిఫ్టు'. నాన్న మూడో షిఫ్టుకు పోయిన రోజుల్లో మేం అమ్మ పక్కన పడుకుని దూరం నుంచి వినే గని చప్పుళ్లు అందులో వస్తాయి. కింది తీగ మీద ఒకటే దెబ్బ, ఆగకుండా. పైన చిన్నగా ఒక రాగం, అది తీగ తీగకూ పాకుతూ పోతుంది. మధ్యలో అంతా తగ్గిపోయి దాదాపు ఏమీ లేనట్టు అయిపోవాలి. ఆ తర్వాత ఒక్కసారి లేవాలి.

సాయంత్రం అక్క వంటగదిలోంచి వచ్చి భుజం మీద కొట్టింది.

"ఎన్నిసార్లు పిలవాలెరా? అన్నం పెట్టాల్నా అంటున్న. బాపు లెక్క చేస్తున్నవేంది?"

"ఆలోచన్ల ఉన్న అక్కా. పాట గురించి."

"పాటల మాటలే లేవంటివి గద."

"అందుకే ఎక్కువ ఆలోచించాలె."

నవ్వింది. నేనూ నవ్వాను.

నాన్నది వేరు. ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుకు రంధ్రాలు వేసే మిషన్ పట్టుకున్నాడు. ఆయనతో మాట్లాడాలంటే ఇంటిల్లిపాదీ అరవాలి. ఆయన గుసగుస కూడా పక్క వీధికి వినిపిస్తుంది.

ఆగస్టు 30

శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి చూస్తే మూడో తీగ చాలా కిందికి ఉంది. అలాగే పొద్దంతా వాయించాను. తీగలు పాతబడ్డాయి. మార్చాలి.

సెప్టెంబర్ 1

కొత్త తీగలు వేశాను. మళ్లీ అంతే.

సెప్టెంబర్ 3. శనివారం

అక్కకు వరంగల్‌లో తీగలు కొనుక్కొస్తానని చెప్పి హన్మకొండలో చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. చాలాసేపు నొక్కలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. అద్దం అవతల అమ్మాయి నన్నే చూస్తోంది.

ఎడమ చెవి చాలావరకు పోయింది. కుడిది మొదలైంది. నరం. మందు లేదు.

"పెద్ద చప్పుడులో పనిచేస్తారా?" అన్నాడు డాక్టర్.

"టీచర్నండి."

ఆయన నా వేళ్ల చివర్ల గట్టి చర్మం చూశాడు. "చప్పుడుకు దూరంగా ఉంటే ఉన్నది మిగులుతుంది" అన్నాడు.

తీగలు కొనడం మరిచిపోయాను. అక్క అడిగితే దుకాణం మూసి ఉందన్నాను.

సెప్టెంబర్ 4

ఆ మిషన్ పాతది. హైదరాబాద్‌లో మంచి డాక్టర్‌కు చూపించాలి. ప్రోగ్రాం అయ్యాక.

సెప్టెంబర్ 10

నిన్న హన్మకొండలో ఒక కాలేజీలో మొరం ప్రోగ్రాం జరిగింది. అక్క పేపర్ చదివి పైకి తెచ్చి ఇచ్చింది.

మొదటి పాట కాకముందే కొందరు స్టేజి ఎక్కారట. బలరాంను ఎందుకు పంపించావని శ్రావణ్‌ను నిలదీశారట. శ్రావణ్ జవాబు చెప్పలేదని, దాంతో ఆగ్రహించిన యువకులు పరికరాలు ధ్వంసం చేశారని రాశారు. డ్రమ్మర్‌కు మణికట్టు విరిగింది. పేరు రాయలేదు. డ్రమ్మర్ అంటే మోతీయే.

మోతీకి చేశాను, ఫోన్ కట్టేసి ఉంది. శ్రావణ్‌కు చేశాను, మోగి మోగి ఆగిపోయింది.

అక్క మెట్ల మీద నిలబడి అడిగింది. "నువ్వు వాళ్లను ఏమన్న తిట్టినవార పేపరోళ్లతోని?"

"నేనేం తిట్టలే."

నేను ఎవరినీ కొట్టమని చెప్పలేదు. ఆ కుర్రాళ్లెవరో నాకు తెలియదు కూడా. శ్రావణ్ ఆ ఒక్కసారి జై తెలంగాణ అంటే అయిపోయేది కదా. పట్టుదల వాడికి మొదటి నుంచీ ఉంది.

నేను ఎవరినీ కొట్టమనలేదు.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. అక్క బడికి తాళం వేసి వచ్చి ఊరేగింపుకు పోయింది. భూపాలపల్లిలో బాయిలన్నీ బంద్ అట. ఊళ్లో ఇంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. కిటికీలోంచి చూశాను. నోళ్లు తెరుస్తున్నారు, చేతులు లేపుతున్నారు. నాకు మాత్రం అంతా ఒకటే హోరులా ఉంది.

సెప్టెంబర్ 17

మోతీ ఫోన్ ఇంకా కట్టేసే ఉంది.

సెప్టెంబర్ 22. భూపాలపల్లి

బస్సులు బంద్. హన్మకొండ దాకా రైలు, ఆటో. అక్కడి నుంచి జీపులో ఇరవైమందిమి. గిటార్‌ను, దాని చప్పుడు పెంచే యాంప్‌ను టాప్ మీద కట్టారు. దారి పొడుగునా వంటావార్పు, రోడ్డు మీదే పొయ్యిలు. ఘనపూర్ దగ్గర జీపు ఆపి మాకు కూడా విస్తళ్లలో అన్నం పెట్టారు. గిటార్ చూసి ఒకామె అడిగింది, పేపర్లో వచ్చిన పిలగానివి నువ్వేనా అని. అవునంటే ఇంకో గరిటె పప్పు పోసింది. తినలేకపోయాను.

క్వార్టర్లో నాన్న పగలు గుమ్మంలో కూర్చుని ఉండటం వింతగా ఉంది. సమ్మెలో ఏం చేయాలో తెలియక వాకిలి రెండుసార్లు ఊడ్చాడని అమ్మ చెప్పింది. అమ్మ పేరు లాలి, మేం యాడీ అని పిలుస్తాం. మా ఇంట్లో మాట్లాడుకునేది మా గోర్ భాష. దానికి లిపి లేదు, ఇక్కడికొచ్చేసరికి అంతా తెలుగైపోతుంది.

"ఎట్లున్నవ్?" అని నాన్న అరిచాడు.

"మంచిగున్న" అని నేను అరిచాను.

సాయంత్రం కాటమయ్య వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో గులాబీ కండువా. నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"అక్టోబర్ రెండు, ఆదివారం. పొద్దు ఉండంగనే మొదలువెడ్తం. నీ పేరు పోస్టర్ల మీద పెద్దగ కొట్టించిన తమ్మీ. కాకపోతే ఒక్కటి, కరెంటు నమ్మకం లేదు. మనం బొగ్గు తియ్యకపోతిమి, కరెంటు పోవుడు ఎక్కువైంది."

"జనరేటర్ పెట్టిద్దామా అన్నా?"

ఆయన నవ్వాడు. "మనమే బొగ్గు ఆపి, మనమే జనరేటర్ పెట్టుకుంటే నవ్వరా? పోతె పోనీ. పోయినప్పుడు గొంతులతోని పాడ్తం."

మొరం గురించి కూడా అడిగాడు. "వాళ్లను ఏదో కొట్టిండ్రట గద. ఎట్లయినా గంత పని చెయ్యొద్దు. ఆ పిలగాడు ఒక్క మాట అంటే ఏంవొయ్యింది?"

"వాడు గంతే అన్నా" అన్నాను.

సెప్టెంబర్ 26

పొద్దున కరెంటు లేదు. సాయంత్రమూ లేదు. ప్లగ్ లేకపోతే ఈ గిటార్ చప్పుడు దోమ రొదంత. ఆ రొద కూడా నాకు అందదు. వేళ్లను చూసుకుంటూ వాయించాను. పాట అంతా తలలో వినిపిస్తూనే ఉంది, ఒక్క స్వరం తప్పకుండా. అంటే నాకు ఏమీ కాలేదు.

నాన్న ఎదురుగా నేల మీద కూర్చుని చూశాడు. నా వేళ్లను కాదు, నా ముఖాన్ని.

సెప్టెంబర్ 29

అమ్మ ఈ రోజు నా ఎడమవైపు నిలబడి మూడుసార్లు పిలిచిందట. నాకు తెలియదు. చివరికి ముందుకొచ్చి నిలబడి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఏమైంది నీకు?"

"ఏం కాలే యాడీ. నిద్ర లేదు."

గడ్డం వదల్లేదు.

అక్టోబర్ 1

ట్యూనర్ బ్యాటరీ కొత్తది వేశాను. రేపు.

అక్టోబర్ 3. సోమవారం

నిన్నటిది రాయాలి. పొద్దుటి నుంచి రాయకుండా ఏవేవో చేశాను. బట్టలు ఉతికాను.

గని గేటు ఎదురుగా మైదానంలో రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపి పైన చెక్కలు పరిచారు. అదే స్టేజి. ఎండ ఇంకా తగ్గలేదు. కార్మికులు, వాళ్ల ఇళ్లవాళ్లు, బతుకమ్మ ఆటకు తయారై వచ్చిన ఆడవాళ్లు. ఇంత జనం ముందు నేను చాలాసార్లు వాయించాను, కానీ పక్కన ఎవరూ లేకుండా ఎప్పుడూ వాయించలేదు. ముందు వరుసలో కుర్చీల్లో నాన్న, అమ్మ. వాళ్ల పక్కన కాటమయ్య కోసం ఖాళీ కుర్చీ. స్టేజి వెనక ట్యూనర్ లైటు చూస్తూ శ్రుతి సరిచేసుకున్నాను. చెవితో కాదు, కంటితో.

కాటమయ్య మైకు తీసుకున్నాడు.

"గీ తమ్ముడు మన దేవ్యన్న కొడుకు. పట్నంల పెద్ద బ్యాండ్. టీవీలల్ల వస్తది. జై తెలంగాణ అనమంటే అనలేదని ఆ బ్యాండును కాదని వచ్చిండు! పేరు, పైస అన్ని ఇడిసి మనకోసం వచ్చిండు!"

చప్పట్లు. జై తెలంగాణ. ఎవరో శ్రావణ్ పేరు పెట్టి డౌన్ డౌన్ అన్నారు, వందమంది అందుకున్నారు. నేను చేతులు జోడించాను. శ్రావణ్ పేరు వినబడుతుండగానే జోడించాను. అది రాసి పెట్టుకోవాలి.

మొదలుపెట్టాను. కింది తీగ మీద దెబ్బ. కాళ్ల కింద చెక్కలు అదిరాయి. ముందు జనానికి అర్థం కాలేదు. "పాట పాడు తమ్మీ" అని ఎవరో అరిచారు. తర్వాత నెమ్మదిగా మాట్లాడుకోవడం ఆపారు. ఒక ముసలాయన కండువా తలకు చుట్టుకోబోతూ అలాగే చేతుల్లో పట్టుకుని ఉండిపోయాడు. నేను బాగా వాయించాను. ఇది అబద్ధం కాదు. అంతవరకు చాలా బాగా వాయించాను.

అన్నీ తగ్గిపోయే చోటుకు వచ్చాను. కళ్లు మూసుకున్నాను. చెక్కల అదురు ఆగింది. ఆగాల్సిన చోటే కదా అనుకున్నాను. రాగం చిన్నగా, ఇంకా చిన్నగా. నాకు ప్రతి స్వరమూ వినబడుతూనే ఉంది. తర్వాత లేచే చోటు. చేయి మొత్తం ఎత్తి కొట్టాను.

అప్పుడే జనం ఒక్కసారి లేచారు. ఆ హోరు నాకు కూడా అందింది. ఈలలు, కేకలు, గాల్లోకి కండువాలు. ఇన్నేళ్లలో నా ఒక్కడి కోసం ఎవరూ అలా అరవలేదు. ఒళ్లంతా పులకరించింది. ఇంకా గట్టిగా వాయించాను. వంగి, ఊగి, తల విదిలించి. కళ్లలో నీళ్లు వచ్చాయి.

తెరిచి చూస్తే వాళ్లు నన్ను చూడటం లేదు. ఒకరినొకరు కావలించుకుంటున్నారు. కరెంటు స్తంభాల వైపు చేతులు చూపించి ఎగురుతున్నారు. నా భుజం మీద ఒక చేయి పడింది. కాటమయ్య.

"తమ్మీ, కరెంటు వొయ్యింది."

"ఎప్పుడు?"

"జరసేపాయె."

యాంప్ మీద ఎర్రలైటు లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ ఇక్కడ ఇలాగే అరుస్తారట. తాము బొగ్గు ఆపిన దెబ్బ ఎక్కడో తగిలిందని. ఆ సంతోషం వాళ్లది. నేను దాన్ని నాదనుకుని, ఉలుకూ పలుకూ లేని గిటార్ మీద అంతసేపు ఊగాను.

కేకలు తగ్గాక నావైపు తిరిగారు. మైదానం నెమ్మదిగా సద్దుమణిగింది. ఎక్కడో ఇద్దరు ముగ్గురు నవ్వారు. తప్పేం కాదు, చూస్తే నవ్వొచ్చేలాగే ఉండి ఉంటుంది.

కాటమయ్య స్టేజి దిగి తన కుర్చీ వైపు వెళ్లాడు. నాన్న ఆయన చేయి పట్టి లాగి, చెవిలో చెప్పాలని వంగాడు. ఆయనకు అది గుసగుసే.

"కాటమయ్యా, వానికి చెవులు వొయినయ్. నా లెక్కనే. కరెంటు పోయింది వానికి ఎర్కనే లేదు."

మైదానమంతా వింది. నాకూ వినబడింది.

అమ్మ నాన్న నోటి మీద చేయి పెట్టింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. నవ్విన వాళ్లు ఆపారు. అలా ఆపడం కంటే నవ్వుతూ ఉన్నా బాగుండేది.

కాటమయ్య మళ్లీ పైకి ఎక్కి మైకు లేకుండానే పాట ఎత్తుకున్నాడు. ఆడవాళ్లు అందుకున్నారు, తర్వాత అందరూ. నేను స్టేజి అంచున కూర్చుని గిటార్ కేబుల్ చుట్ట చుట్టాను. కండువా చేతుల్లో పట్టుకున్న ముసలాయన దగ్గరికి వచ్చి కుడి చెవి దగ్గర అడిగాడు.

"బిడ్డా, ఒక్క మాట. వాళ్లే తీసేసిండ్రా, నువ్వే ఇడిసినవా?"

"నేనే ఇడిసిన" అన్నాను.

అప్పుడు కూడా.

అక్టోబర్ 4

బయటికి పోలేదు.

అక్టోబర్ 6. దసరా

పొద్దున నాన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అమ్మ ఆయనను తిట్టి ఉంటుంది. తన వల్ల ఏదో తప్పు జరిగిందని తెలుసు.

"అందరు ఇన్నరా?" అన్నాడు.

తల ఊపాను.

"నేను మెల్లగనే అన్న."

"తెల్సు బాపూ."

కొంతసేపు వాకిట్లో కోళ్లను చూశాడు. "నాకు మొదలైనప్పుడు గుట్ట అవతల ఎవలో మిషన్ నడుపుతున్నరు అనుకున్న. ఎవల్ని అడగలే. అడిగితే మిషన్ ఏం లేదు అంటరని భయం. నాకెర్కే ఏం లేదని."

"ఎందుకు చెప్పలే నువ్వు?"

"చెప్తే బాయిల దింపరు. బాయిల దిగకుంటే మరి నేనెవల్ని?" ఈసారి నా ముఖంలోకి చూశాడు. "నువ్వు గూడ గట్లనే అనుకుంటివి. ఆ రోజు వట్టి గిటారు వాయిస్తుంటే నీ మొకం చూసిన. నాదే అనిపించింది."

ఆయన నా పాట ఒక్కటి కూడా ఎప్పుడూ వినలేదు. నేను గిటార్ పట్టుకునే నాటికే ఆయనకు వినికిడి లేదు. అలాంటి మనిషికి ఒక్క చూపులో తెలిసింది. ఇన్నేళ్లు నా పక్కన నిలబడి పాడినవాడికి తెలియకుండా ఉంటుందా? శ్రావణ్ ఆ రోజు మిల్లులో అన్నది ఇప్పుడు రాస్తాను. "ఆర్నెల్లు ఆగు బల్లూ. చెవి చూపించుకో. నీ జాగ నీకే ఉంటది." నేను దాన్ని ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇక్కడ కూడా.

జై తెలంగాణ గురించి అడిగింది ఆ మాట తర్వాతే.

అక్టోబర్ 15

చెవి మిషన్ కోసం వెళ్లాలని అమ్మ. సరే అన్నాను. రైళ్లు మళ్లీ ఆపారట.

అక్టోబర్ 24

సమ్మె వాయిదా వేశారు. నాన్న వారం కిందటే బాయిలో దిగాడు. వీధిలో మాటలు తక్కువ. కాటమయ్య ఎదురైతే ఆగి నా కుడివైపు వచ్చాడు. "ముందుగాల చెప్తే నిన్ను గట్ల నిలవెట్టకపోదు తమ్మీ" అన్నాడు. తర్వాత, "రాలే గద తెలంగాణ" అన్నాడు. రెండూ ఒకే గొంతుతో అన్నాడు.

అక్టోబర్ 29. శనివారం. జనగామ

ముందు విలేకరి దగ్గరికి పోయాను. టీకొట్టులో ఉన్నాడు. ఆ రోజు చెప్పింది నిజం కాదని, శ్రావణ్ తప్పు ఏమీ లేదని, అది రాయమని అడిగాను. టీ తాగుతూ విన్నాడు.

"సమ్మెనే అయిపాయె. ఇప్పుడు గా ముచ్చట ఎవ్వలకు కావాలె బలరాం? నీ ఇజ్జత్ నువ్వే తీసుకుంటవా? పో, ఇంటికి పో."

మంచిమాట చెప్పినట్టే చెప్పాడు. చాలాసేపు బతిమాలాను. రాయనన్నాడు.

అక్కడి నుంచి మోతీ వాళ్ల తండాకు. మోతీ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో జొన్నరొట్టె తింటున్నాడు. కుడి మణికట్టు అతికింది కానీ వంకరగా అతికింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. డ్రమ్ పుల్ల పట్టుకుని చూపించాడు. రెండు దెబ్బలకే జారి కింద పడింది. తీసి మళ్లీ పట్టుకున్నాడు. వద్దన్నాను.

"ఫోన్ ఎందుకు కట్టేసినవ్?"

"పగిలింది అన్నా. స్టేజి మీదనే."

వాళ్ల అమ్మ నాకూ రొట్టె పెట్టింది. మోతీ నాకు కుడివైపే కూర్చున్నాడు. అప్పుడు గమనించాను, వాడు ఎప్పటి నుంచో అలాగే కూర్చునేవాడు.

"నీకెర్కేనా మోతీ? నా చెవి గురించి."

"అందరికి ఎర్కే అన్నా. నువ్వు పోయిన రోజు గేటు కాడ గదే అన్న. జర దవాఖానకు పోదాం, నేనొస్త అన్న. నువ్వు సరే సరే అని పోయినవ్."

రొట్టె పళ్లెంలో పెట్టేశాను.

"ఆ రోజు స్టేజి మీద అడిగిండ్రు గద, బలరాంను ఎందుకు పంపినవని. శ్రావణన్న ఒక్క మాట అంటే అయిపోవు. బలరాంకు చెవులు ఇనవడ్తలేవు, అందుకే ఆగుమన్నం అంటే ఎవలు కొడ్తుండె? నేను అనబోయిన. శ్రావణన్న నా నోరు మూసిండు. కాలర్ పట్టిండ్రు, మైకు గుంజిండ్రు, నా మీద స్టాండు పడ్డది. అయిన అనలే."

"ఎందుకనలే?"

మోతీ నన్ను వింతగా చూశాడు, అంత తెలియదా అన్నట్టు.

"అంటే నీకు ఇంక యాడ పని దొరుకుతదన్నా? చెవులు లేని గిటారోణ్ని ఎవలు పిలుస్తరు?"

అక్టోబర్ 30. ఆదివారం

పొద్దున మిల్లుకు వెళ్లాను. మొరం ఇక లేదు. నా బదులు గిటార్‌కు హైదరాబాద్ నుంచి వచ్చినతను వెళ్లిపోయాడు, మిగిలినవాళ్లు వేరే పనుల్లో చేరారు. శ్రావణ్ అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు.

పక్కన కూర్చున్నాను.

"మోతీని చూసొచ్చిన" అన్నాను.

తల ఊపాడు.

"భూపాలపల్లిల వాయించిన."

మళ్లీ ఊపాడు. అప్పటికే వాడికి అంతా తెలిసినట్టుంది.

తర్వాత శ్రావణ్ మాట్లాడటం మొదలుపెట్టాడు. నా ఎడమవైపు ఉన్నాడు, నావైపు చూడకుండా గేటు వైపు చూస్తూ మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. దవడ కదలడం కనిపిస్తోంది. ఒకచోట ఆగి కళ్లు తుడుచుకున్నాడు. తిట్టాడో, అడిగాడో, ఇంకేమైనా చెప్పాడో. ఎప్పటిలా తల ఊపి ఊరుకోవచ్చు. ఊపబోయాను కూడా.

"నాకు ఇనవడలేరా" అన్నాను.

ఆ మాట ఒక మనిషితో అనడం నాకు అదే మొదటిసారి.

శ్రావణ్ నావైపు తిరిగి చూశాడు. లేచి, నా ముందు నుంచి నడిచి వచ్చి, కుడివైపు కూర్చున్నాడు. కానీ చెప్పింది మళ్లీ చెప్పలేదు.